బొమ్మలో రంగులు, మూడ్, పొంతన: తరచుగా అడిగే ప్రశ్నలు

శని, ఆదివారాల్లో హైదరాబాద్‌లో పెయింటింగ్ నేర్పుతుంటాను. వచ్చేవాళ్ళలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు, రిటైరైన టీచర్లున్నారు, పిల్లల్ని దింపడానికి వచ్చి తామే కూర్చుండిపోయిన అమ్మలూ ఉన్నారు. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా రంగుల గురించి అవే డౌట్లు, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో కూడా అవే. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవాలని ఏమీ లేదు.

## రంగులు కొనే ముందు

24 రంగుల సెట్ కొంటే సరిపోతుందా, ఇంకా పెద్దది కొనాలా?

పెద్దది వద్దు, అసలు 24 కూడా వద్దు. పసుపులో రెండు (ఒకటి నిమ్మపండు వైపుకి పోయేది, ఒకటి బంతిపువ్వు వైపుకి పోయేది), ఎరుపులో రెండు (నారింజ వైపు ఒకటి, రాణీ కలర్ వైపు ఒకటి), నీలంలో రెండు (ఊదా వైపు పోయే అల్ట్రామెరీన్, ఆకుపచ్చ వైపు పోయే థాలో), ఒక పెద్ద తెలుపు ట్యూబు, వీలైతే బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ. ఇంతే. తక్కువ కొనమనడం డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు. నాలుగైదు రంగుల్నే అటూ ఇటూ కలుపుకుంటూ వేసిన బొమ్మలో ప్రతి మరకలోనూ పక్కదాని రక్తం కాస్త ఉంటుంది, కాబట్టి పొంతన దానంతటదే వస్తుంది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరు మీద చెప్పుకునే పాలెట్‌లో ఉండేవి నాలుగే: ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (సింధూరం లాంటి ఎరుపు), నలుపు, తెలుపు. అందులో నీలం ట్యూబే లేదు, నలుపు తెలుపు కలిపిన బూడిద రంగే ఎరుపుల పక్కన నీలంలా కనిపిస్తుంది. 24 డబ్బాల సెట్ ఉన్నవాళ్ళు మాత్రం చెట్టుకి ఒక డబ్బా, ఆకాశానికి ఒక డబ్బా, చీరకి ఒక డబ్బా తెరుస్తారు. మూడు బొమ్మల్ని కత్తిరించి అతికించినట్టు వస్తుంది.

ఎరుపు, నీలం కలిపితే వంకాయ రంగు రావాలి కదా, నాకు బురదెందుకు వస్తోంది?

మీ ఎరుపులో పసుపు దాక్కుని ఉంది, అందుకు. కుంకుమ రంగు, మిరపపండు రంగు లాంటి ఎరుపులు నారింజ వైపు మొగ్గుతాయి. వాటిని నీలంతో కలిపితే పాలెట్ మీద ఎరుపు, నీలం, పసుపు మూడూ ఉన్నట్టే. మూడూ కలిస్తే రంగు చచ్చిపోయి గోధుమ, బూడిద వస్తాయి. మెజెంటా, లేదా క్వినాక్రిడోన్ అని రాసి ఉన్న గులాబీ ఎరుపు తీసుకుని అల్ట్రామెరీన్‌తో కలపండి, నిగనిగలాడే వంకాయ రంగు వస్తుంది. ఆకుపచ్చకీ ఇదే లెక్క. థాలో నీలం, నిమ్మ పసుపు కలిపితే చిలకపచ్చ. అల్ట్రామెరీన్, బంతి పసుపు కలిపితే ఎండిన చింతాకు రంగు.

ఒక మాట. ఆ "బురద" పారేయకండి. దిగులుగా ఉండే సాయంత్రాలకీ, పాత గోడలకీ అంతకంటే మంచి రంగు ఏ ట్యూబులోనూ దొరకదు.

ట్యూబు వెనక పీబీ 29 అని ఏదో కోడ్ ఉంది, అది చూడాలా?

చూడాలి. ముందున్న పేరు కంపెనీ ఇష్టం, వెనకున్న కోడ్ మాత్రం అసలు పిగ్మెంట్‌ది, అంటే లోపలున్న రంగు పొడిది. పీబీ 29 అంటే ఏ కంపెనీదైనా అల్ట్రామెరీన్, పీబీ 15 అంటే థాలో నీలం. ఒకే ట్యూబులో మూడు కోడ్‌లుంటే అది ముందే కలిపేసిన రంగు, మీరు మళ్ళీ కలిపితే త్వరగా మందగిస్తుంది. పేరు చివర "హ్యూ" అని ఉంటే ఆ ఖరీదైన పిగ్మెంట్‌కి బదులు చవకది వాడారని. నేర్చుకునేటప్పుడు దానితో నష్టమేం లేదు.

## గీసే ముందు ఆలోచించేటప్పుడు

నీలం అంటే విషాదం, ఎరుపంటే కోపం, పసుపంటే ఆనందం. నిజమేనా?

ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో నిజం. బొమ్మలో అంత సులువుగా లెక్క తేలదు.

పికాసో 1901 నుంచి 1904 దాకా వేసిన నీలం బొమ్మల్లో దిగులు ఉంది, నిజమే. కానీ అందులో మనుషులు ముడుచుకుని కూర్చున్నారు, సన్నగా ఉన్నారు, నీలం కూడా మసకగా, చల్లబడిపోయి ఉంది. అదే నీలంతో మన ఇళ్ళలో కృష్ణుణ్ణి వేస్తే ఎవరికీ ఏడుపు రాదు. తెలుపు తీసుకోండి. మన పాత కట్టుబాట్లలో భర్త పోయిన స్త్రీకి తెల్లచీర కట్టబెట్టారు, అదే తెలుపుకి ఎర్రంచో పసుపంచో పెడితే పెళ్ళిలో కట్టుకునే మధుపర్కాలు. అంచు ఒక్కటి మారితే అర్థం మొత్తం తిరగబడింది. పాతబస్తీలో మొహర్రం రోజు నలుపు శోకం, పెళ్ళైన మన ఆడవాళ్ళ మెడలో నల్లపూసలు మంగళకరం.

డచ్ చిత్రకారుడు వాన్ గో 1888 సెప్టెంబర్‌లో ఒక రాత్రి కఫే బొమ్మ వేశాడు. ఎరుపు గోడలు, ఆకుపచ్చ పైకప్పు. ఆ రెండు రంగుల్ని ఢీకొట్టించి మనిషిలోని భయంకరమైన ఆవేశాల్ని చూపించాలనుకున్నానని తమ్ముడికి ఉత్తరం రాశాడు. మరుసటి నెలలోనే తన పడకగది వేశాడు. అందులోనూ ఎర్ర దుప్పటి, ఆకుపచ్చ కిటికీ ఉన్నాయి, కానీ అక్కడ రంగులు విశ్రాంతిని సూచించాలన్నాడు. అదే మనిషి, దాదాపు అవే డబ్బాలు. కఫేలో ఎరుపు గోడలన్నీ ఆక్రమించింది, గదిలో మంచం మీద దుప్పటికే పరిమితమైంది, చుట్టూ లేత నీలం గోడలు.

కాబట్టి "విషాదానికి ఏ రంగు" అని అడగొద్దు. ఎంత ముదురు, ఎంత గాఢంగా, ఎంత చోటులో, దేని పక్కన అని అడగండి.

మూడ్‌ని రంగు పేరు నిర్ణయించకపోతే మరి ఏది నిర్ణయిస్తుంది?

లేత-ముదురు, గాఢత (రంగు బూడిద కలవకుండా ఎంత ఘాటుగా ఉందన్నది). ఈ రెండూ ముందు, రంగు పేరు తర్వాత. రంగులు మనసు మీద చూపించే ప్రభావం గురించి వాల్డెజ్, మెహ్రాబియన్ అనే ఇద్దరు 1994లో ప్రచురించిన పరిశోధనలో కూడా ఇదే తేలింది: ఎరుపా నీలమా అన్నదానికంటే అది ఎంత వెలుగుగా, ఎంత గాఢంగా ఉందన్నదే జనం ఫీలింగ్‌ని ఎక్కువగా మార్చింది.

హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడి విగ్రహాన్ని తీసుకోండి, ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసినట్టు. ఒక కాగితం మీద అంతా లేత రంగుల్లో వేయండి, నీళ్ళు పాలనీలం, ఆకాశం లేత గులాబీ, విగ్రహం దాదాపు కాగితం తెలుపే, ముదురు అన్నది ఎక్కడా లేకుండా. పొద్దున్నే నడకకి వెళ్ళినంత హాయిగా ఉంటుంది. రెండో కాగితం మీద అదే బొమ్మలో అవే నీలం, గులాబీ వాడండి, కానీ ప్రతిదాన్నీ ముదురు చేసి ఒక్క విగ్రహం తలమీద మాత్రం లేతగా వదలండి. తుఫాను ముందు సాయంత్రం అయిపోతుంది. మూడో కాగితంలో ముదురు-లేత మొదటిదానిలాగే ఉంచి అన్ని రంగుల్లోనూ కాస్త బూడిద కలపండి. జ్ఞాపకంలా, ఎప్పుడో చూసినట్టు దూరంగా అనిపిస్తుంది. ఒక్క కొత్త రంగు కూడా తెరవలేదు. ఇది చేతులారా వేసి చూస్తేగానీ ఎక్కదు, పోస్ట్‌కార్డ్ సైజు కాగితాలు చాలు, ఒక సాయంత్రం పని.

కలర్ వీల్ ఒక్కో చోట ఒక్కోలా ఉంది, ఏది నమ్మాలి?

రంగుల్ని వలయంగా చుట్టి చూపించినవాడు న్యూటన్, 1704లో అచ్చైన తన పుస్తకంలో. ఆయన మాట్లాడింది వెలుగు గురించి. చిత్రకారుల వలయంలో ఎరుపు, పసుపు, నీలం మూలరంగులు. ప్రింటర్‌కి సియాన్, మెజెంటా, పసుపు. ఫోన్ తెరకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అందుకే ఎరుపుకి ఎదురు రంగు, అంటే వలయంలో సరిగ్గా అవతలి వైపున్నది, ఒక చోట ఆకుపచ్చ అని, ఇంకో చోట ఆకాశనీలం కలిసిన ఆకుపచ్చ అని కనిపిస్తుంది. మీరు కుంచె పట్టుకుంటే చిత్రకారుల వలయం చాలు. ఇంకా మంచిది, మీ దగ్గరున్న ట్యూబులతోనే ఒక వలయం వేసి గోడకి అతికించుకోండి, అచ్చు వేసిన వలయంలో ఉన్న రంగులు మీ పాలెట్‌లో ఉండవు కదా.

హార్మొనీ అంటే రంగులు మ్యాచ్ అవ్వడమేనా?

మ్యాచింగ్ బ్లౌజ్ సంగతి వేరు, బొమ్మ సంగతి వేరు. అన్నీ ఒకదానికొకటి సరిపోతే బొమ్మ నిద్రపోతుంది. హార్మొనీ, అదే పొంతన, అంటే కొట్లాడుకునే రంగులుండీ ఎవరిది ఎంత వాటా అన్నది తేలిపోయి ఉండటం.

బతుకమ్మని చూడండి. తంగేడు పసుపు, బంతి నారింజ, కట్లపూల నీలం, గునుగు తెలుపు, కొన్ని గునుగు చివర్లకి అద్దిన రాణీ రంగో ఆకుపచ్చో. కాగితం మీద రాస్తే ఈ జాబితా భయపెడుతుంది. కానీ ఒక్కో రంగు ఒక్కో వరస, వరస మధ్యలో తెల్ల గునుగు వచ్చి రెండు రంగుల్నీ విడదీస్తుంది, ఒకే రకం పువ్వు మళ్ళీ మళ్ళీ వస్తుంది, కింద వెడల్పు పైకి పోయేకొద్దీ సన్నం. విడదీసే తెలుపు, తిరిగొచ్చే లయ, వాటాల్లో తేడా. పేర్చే అమ్మమ్మలకి కలర్ థియరీ క్లాస్ ఎవరూ చెప్పలేదు.

వాటా ఎంత ఉండాలో ఒక పాత కొలత ఉంది, జర్మన్ కవి గోథే పేరు మీద చెప్పుకునేది, తర్వాత బౌహౌస్ అనే జర్మన్ కళాపాఠశాలలో పాఠాలు చెప్పిన యోహనెస్ ఇట్టెన్ వాడింది. పసుపుకి వెలుగెక్కువ కాబట్టి ఒక వంతు పసుపుకి మూడు వంతుల ఊదా, ఒక వంతు నారింజకి రెండు వంతుల నీలం, ఎరుపు ఆకుపచ్చ మాత్రం సరిసమానం. నేను దీన్ని సూత్రంలా వాడను. పైగా ఎరుపు-ఆకుపచ్చ సరిసమానంగా వేస్తే నా కంటికి ఎప్పుడూ కాస్త ఎక్కువే అనిపిస్తుంది. కానీ పసుపుని పిసినారిలా వాడమనే సలహాగా తీసుకుంటే బాగా పనిచేస్తుంది.

వైకుంఠం గారి బొమ్మల్లో అన్ని ఘాటు రంగులున్నా గొడవగా ఎందుకు అనిపించవు?

మంచి ప్రశ్న, ఇది అడిగినవాళ్ళకి టీ ఇప్పిస్తాను. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టారు, ఆయన తెలంగాణ ఆడవాళ్ళ బొమ్మలు హైదరాబాద్‌లో చూడనివాళ్ళు తక్కువ. గమనిస్తే అందులో రంగులు ఘాటుగా ఉంటాయిగానీ ఎక్కువ ఉండవు. ఒక్కో రంగు చదునుగా, పెద్ద ముక్కగా, అంచు తెలిసేలా కూర్చుంటుంది. నల్లటి జుట్టు, ముదురు ఒంటిరంగు మధ్యలో దిట్టంగా నిలబడి ఆ ఎరుపుల్నీ పసుపుల్నీ పట్టి ఉంచుతాయి. వెనక తరచుగా ఏమీ ఉండదు, కంటికి ఆగే చోటు దొరుకుతుంది. నుదుట పెద్ద బొట్టు చీరలోని ఎరుపుని మళ్ళీ పైకి పిలుస్తుంది.

కథ చెప్పడానికి పొడవాటి బట్ట మీద వేసే చేర్యాల నకాశీ పటాలది ఇంకో దారి. కథలో ఎన్ని బొమ్మలున్నా, ఎన్ని రంగులున్నా వెనక అంతా ఒకే ఎరుపు. ఎవరు ఏ రంగు వేసుకున్నా ఆ ఎరుపు ముందే నిలబడాలి కాబట్టి పటం అంతా ఒక్కటిగా ఉంటుంది. మీ బొమ్మ చెదిరిపోతుంటే ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి ప్రయత్నించండి.

## కుంచె పట్టుకున్నాక

పాలెట్ మీద ఒక రంగు, కాగితం మీద పెట్టగానే ఇంకో రంగు! నా కళ్ళలో ప్రాబ్లమా?

కళ్ళు బాగానే ఉన్నాయి, అందరికీ అలాగే కనిపిస్తుంది. పారిస్‌లో గోబ్లాఁ అనే తివాచీల కార్ఖానాలో అద్దకం విభాగాన్ని షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త చూసుకునేవాడు. నల్ల ఉన్ని సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులొస్తే వెతికాడు. రంగులో లోపం లేదు, పక్కనున్న రంగుల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో పెద్ద పుస్తకమే రాశాడు.

ఇంట్లో చూడొచ్చు. ఒకే బూడిద రంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించండి, ఒకటి ఎరుపు చార్ట్ మీద, ఒకటి ఆకుపచ్చ చార్ట్ మీద పెట్టండి. ఎరుపు మీదది కాస్త ఆకుపచ్చగా, ఆకుపచ్చ మీదది కాస్త గులాబీగా అవుతుంది. ప్రతి రంగూ తన ఎదురు రంగుని పక్కవాడి మీదకి తోస్తుంది. అందుకే తెల్ల పాలెట్ మీద ముదురుగా కనిపించిన రంగు, ముదురు కాన్వాస్ మీదకెళ్ళగానే వెలిగిపోతుంది. కాన్వాస్‌కి ముందే లేత గోధుమ రంగు పూత వేసుకుని, పాలెట్ కూడా అదే రంగులో ఉంచుకుంటే సగం టెన్షన్ పోతుంది.

నీడకి నలుపు కలపొద్దంటారు. ఎందుకు?

నలుపు నేరమేం చేయలేదు. సమస్య ఏంటంటే ట్యూబు నలుపు చాలావరకు నీలం వైపు ఉంటుంది, పసుపులో కలిపితే పసుపు నీడకి బదులు పాచిపచ్చ వస్తుంది. ఎరుపులో కలిపితే కాఫీ రంగు. పైగా ఎండలో పడే నీడ నల్లగా ఉండదు. మధ్యాహ్నం గోల్కొండకి వెళ్ళి గ్రానైట్ గోడ నీడ కాస్త ఓపిగ్గా చూడండి. సూర్యుడి వెలుగు అక్కడికి రాకపోయినా ఆకాశం వెలుగు వస్తుంది కాబట్టి నీడలో నీలం ఉంటుంది, కింద ఎర్రమట్టి ఉంటే గోడ అడుగున ఆ ఎరుపూ ఎగబాకుతుంది. నీడలో నలుపు నింపితే అక్కడ గాలి ఆగిపోయినట్టుంటుంది.

అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపి చూడండి, ఎంత ముదురు కావాలంటే అంత ముదురు, నీలం వైపుకో గోధుమ వైపుకో తిప్పుకోవచ్చు. అయితే గది లోపలి రాత్రి దృశ్యానికి, చదునుగా వేసే బొమ్మకి, పటం గీతలకి నలుపు హాయిగా వాడండి. ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్వార్ మానే నల్లకోటు వేసినంత అందంగా నలుపు వేసినవాళ్ళు తక్కువ.

ఎంత రంగు వేసినా బొమ్మ చప్పగా ఉంది. ఏం చేయాలి?

ఇంకా రంగు వేయకండి, ముందు ఫోన్ తీయండి. బొమ్మని ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. అంతా ఒకే బూడిద ముద్దలా కనిపిస్తే జబ్బు దొరికినట్టే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరు రంగులేగానీ మూడూ ఒకే ముదురులో ఉన్నాయి. మన కన్ను ఆకారాన్ని, దూరాన్ని ఎక్కువగా వెలుగు తేడాల నుంచే పట్టుకుంటుంది, రంగు తేడా దానికి సరిపోదు.

కొత్తవాళ్ళ బొమ్మల్లో ముదురు భాగాలు భయం భయంగా, లేత భాగాలు పిసినారిగా ఉంటాయి, అంతా మధ్యలోనే తిరుగుతుంటారు. మొదట మూడే మెట్లు పెట్టుకోండి: ముదురు, నడిమి, లేత. వాటిలో ఒకదానికి సగం కంటే ఎక్కువ చోటివ్వండి, ఒకదానికి చాలా తక్కువివ్వండి. దిగులు, గంభీరం కావాలంటే పెద్ద వాటా ముదురుకి, తేలిక కావాలంటే లేతకి. కళ్ళు సగం మూసి చూసినా ఈ వాటాలు తెలిసిపోతాయి.

దీన్ని కావాలని తిరగేసిన బొమ్మా ఒకటుంది. ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే 1872 నాటి సూర్యోదయం బొమ్మలో నారింజ సూర్యుడు చుట్టూ ఉన్న బూడిద ఆకాశమంత వెలుగులోనే ఉంటాడు. బ్లాక్ అండ్ వైట్ చేస్తే దాదాపు మాయమైపోతాడు. కంటికి రంగు కనిపిస్తుంది, చోటు సరిగ్గా అందదు, అందుకే ఆ సూర్యుడు వణుకుతున్నట్టుంటాడు. నియమం తెలిసి తప్పడం అంటే అది.

వెచ్చని రంగులు ముందుకొస్తాయి, చల్లనివి వెనక్కెళ్తాయి. ఎప్పుడూ అంతేనా?

చాలావరకు, అంతే. దూరం పోయేకొద్దీ మధ్యలో గాలి, దుమ్ము పెరిగి నీలం వెలుగు చెదురుతుంది, కొండలు నీలిగా, లేతగా కనిపిస్తాయి. మనం దానికి అలవాటు పడ్డాం. కానీ మసకబారిన ఇటుక రంగు గోడ మీద గాఢమైన నెమలి కంఠం రంగు చుక్క పెట్టండి, ఆ నీలమే ముందుకి దూకుతుంది. గాఢత, అంచు పదును ఈ నియమాన్ని సులువుగా ఓడిస్తాయి.

స్కిన్ కలర్ ట్యూబు వేస్తే మా నాన్నగారు విదేశీయుడిలా వచ్చారు!

ఆ ట్యూబు ఎవరి చర్మమో నాకూ తెలియదు. పక్కన పెట్టేయండి. చామనఛాయకి బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఆకర్ మొదలు, ముదురుకి అల్ట్రామెరీన్ చేర్చండి, నలుపు చేరిస్తే బొగ్గు పూసినట్టవుతుంది. లేత చేయడానికి తెలుపు మాత్రమే వేస్తే ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది, తెలుపుతో పాటు కాస్త పసుపు లేదా ఎరుపు పోయండి. ముదురు ఒంటిరంగు మీద మెరుపు దగ్గర చర్మం రంగు ఉండదు, కిటికీలోంచి వచ్చే ఆకాశం రంగు ఉంటుంది, కాబట్టి అక్కడ లేత నీలం-బూడిద పెడితే చర్మం జీవం పోసుకుంటుంది. చెంపలు, ముక్కు, చెవులు కాస్త ఎర్రగా, గడ్డం చుట్టూ కాస్త ఆకుపచ్చ-బూడిదగా. నాన్నగారు పక్కనే కూర్చుంటే ఆయన్నే చూడండి, ఫోటో వద్దు. ఫోన్ కెమెరాలు ముఖాల్ని తెల్లబరిచే అలవాటులో ఉన్నాయి.

ఆరాక రంగు మారిపోతోంది, ఎందుకు?

యాక్రిలిక్‌లో జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా ఉంటుంది, ఆరాక పారదర్శకం అవుతుంది, అందుకే రంగు ఒక మెట్టు ముదురుతుంది. వాటర్ కలర్ దీనికి తలకిందులు, ఆరితే లేతబడుతుంది. ముఖ్యమైన చోట వేసే ముందు అదే కాగితం ముక్క మీద ఒక గీత గీసి ఆరనివ్వండి.

అంతా వేసేశాక గొడవగా అనిపిస్తోంది. మళ్ళీ మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. పెళ్ళింట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టుంది మీ బొమ్మ, కొందర్ని కూర్చోబెట్టాలి. ముందు ఎవరు మాట్లాడాలో తేల్చుకోండి, ఏ చోట మీకు ముఖ్యమో ఆ చోట రంగు ముట్టుకోకండి. మిగతా వాటి మీద వాటి ఎదురు రంగుని బాగా పల్చన చేసి ఒక పూత వేయండి, ఎరుపు మీద పల్చటి ఆకుపచ్చ, నారింజ మీద పల్చటి నీలం. ఘాటు తగ్గుతుంది, రంగు పోదు. ఇంకా చెదిరి ఉంటే బొమ్మ మొత్తం మీద ఒకే రంగు, ఎల్లో ఆకర్ లాంటిది, నీళ్ళలా పల్చగా పూయండి. యాక్రిలిక్ అయితే కింది పూత పూర్తిగా ఆరాకే. వాటర్ కలర్‌లో ఇది రిస్క్, కింది రంగు లేచిపోతుంది, ఒక్కసారి మాత్రమే కుంచె ఆడించి వదిలేయాలి.

## అయిపోయాక, గోడకెక్కించాక

రాత్రి వేసినప్పుడు బంగారంలా ఉంది, పొద్దున చూస్తే పచ్చకామెర్లు వచ్చినట్టుంది.

రాత్రి పసుపు బల్బు కింద వేశారు. వార్మ్ వైట్ బల్బులు 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం), వాటి కింద పసుపులు తెల్లగా అనిపిస్తాయి, నీలాలు మాసిపోతాయి. దాంతో చేయి తెలియకుండానే పసుపు ఎక్కువ పోసింది. 6500 కెల్విన్ ట్యూబులైట్ కింద దీనికి తలకిందుల తప్పు జరుగుతుంది. వేయడానికి 5000 దగ్గర్లో, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన ఎల్ఈడీ కొనుక్కోండి, డబ్బా మీద రాసి ఉంటుంది. పగలైతే ఉత్తరం కిటికీ మేలు, మన దగ్గర మే నుంచి జులై దాకా తప్పిస్తే అటునుంచి నేరు ఎండ పెద్దగా పడదు, వెలుగు నిలకడగా ఉంటుంది. పూర్తయ్యాక ఆ బొమ్మ ఏ గదిలో ఉంటుందో అక్కడి లైటు కింద ఒకసారి పెట్టి చూసి, చివరి సర్దుబాట్లు అక్కడే చేయండి.

సోఫాకి మ్యాచ్ అయ్యే పెయింటింగ్ కావాలంటున్నారు. పైగా వాస్తు ప్రకారం ఏ రంగు?

వాస్తు సంగతి వాస్తు చెప్పేవాళ్ళని అడగండి, నా పరిధి ఫ్రేమ్ లోపలే. సోఫా గురించి చెప్తాను. సోఫా రంగే బొమ్మలో పెద్ద వాటా అయితే బొమ్మ సోఫా కవర్లా కనిపిస్తుంది. ఆ రంగుని బొమ్మలో ఒక మూల చిన్నగా రానిచ్చి, పెద్ద వాటా దానికి పక్క రంగుకో ఎదురు రంగుకో ఇవ్వండి. బూడిద సోఫా, తెల్ల గోడ ఉన్న గచ్చిబౌలి ఫ్లాట్లలో అయితే మసక రంగులు పెట్టడమంటే గదిని నిద్రపుచ్చడమే, అక్కడ కాస్త ఎరుపుకి ధైర్యం చేయండి.

మా బాబు ఎప్పుడూ నల్ల క్రేయాన్ వాడుతున్నాడు, కంగారు పడాలా?

రంగు ఒక్కదాన్ని చూసి కంగారు పడొద్దు. తెల్ల కాగితం మీద అన్నిటికంటే బాగా కనిపించేది నలుపే, గీసింది తెలియాలన్న సరదా పిల్లలకి ఎక్కువ. తిండి, నిద్ర, ఆటలు, స్నేహితులు అన్నీ మామూలుగా ఉంటే నల్ల రంగు కాగితం, తెల్ల క్రేయాన్ ఇచ్చి చూడండి, మజా పడతాడు. అవి కూడా మారి ఉంటే డాక్టర్‌తో మాట్లాడండి, అప్పుడు కూడా కారణం క్రేయాన్ కాదు.

నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. పెయింటింగ్ నేర్చుకోవచ్చా?

తప్పకుండా. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది కాబట్టి మగవాళ్ళలో ఎక్కువ, ప్రతి కొన్ని బ్యాచ్‌లకీ ఒకరు ఉంటూనే ఉంటారు. ముదురు-లేత మీకు బాగానే తెలుస్తుంది, బొమ్మని నిలబెట్టేది అదే. ట్యూబుల పేర్లు చదివి, పాలెట్ మీద ఎప్పుడూ ఒకే వరసలో పెట్టుకోండి. నీలం-నారింజ జోడీ మీకు సాధారణంగా స్పష్టంగా కనిపిస్తుంది, దాని మీద బొమ్మలు కట్టండి. ఫ్రెంచ్ కళాకారుడు షార్ల్ మెరియాన్‌కి ఈ లోపం ఉండేది, ఆయన ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే పద్ధతి) వైపు వెళ్ళి పారిస్ వీధుల్ని నలుపు తెలుపుల్లో చెక్కాడు. మీరు రంగులు మానేయాలని చెప్పడం లేదు, నలుపు తెలుపు కూడా పెద్ద లోకమేనని మాత్రం.

హైదరాబాద్‌లో రంగులు చూసి నేర్చుకోవడానికి ఎక్కడికెళ్ళాలి?

సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గరా, గంట కొట్టే గడియారం దగ్గరా ఉంటారు, మీరు మినియేచర్ల (చిన్న సైజు పాత చిత్రాల) గదికి వెళ్ళండి. దక్కనీ బొమ్మల్లో లేత ఊదా, గులాబీ, బంగారం ఎంత పక్కపక్కన ఉంటాయో అక్కడ అర్థమవుతుంది. శుక్రవారం మూసి ఉంటుంది. జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలోనూ దక్కనీ బొమ్మలున్నాయి, వెళ్ళే ముందు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి. ఇప్పటి చిత్రకారుల కోసం మాదాపూర్ స్టేట్ గ్యాలరీ.

డబ్బు ఖర్చు లేనివి: తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్, సాయంత్రం లైట్లు వేశాక లాడ్ బజార్ గాజుల కొట్లు, ఖైరతాబాద్ దగ్గర మఖ్తా గోడల బొమ్మలు. గాజుల కొట్టువాళ్ళు ఒక చీర చూసి పది నిమిషాల్లో సెట్ కట్టేస్తారు, మధ్యలో ఏ రంగు ఎన్ని గాజులు పెడుతున్నారో, ఎక్కడ బంగారు గాజుతో విడదీస్తున్నారో చూడండి. ఏమీ కొనకుండా ఎక్కువసేపు నిలబడితే మాత్రం ఊరుకోరు, ఒక డజనైనా తీసుకోండి.